సుభాషిణమ్మ చెయ్యి

"ఇప్పుడు నొక్కండి డాక్టరు గారూ," అంది నిఖిల. ఈ యంత్రం కనిపెట్టింది ఆమే.

క్లినిక్‌లో కూర్చుని సుభాషిణమ్మ, గ్లోవ్ తొడిగిన వేళ్లతో గాలిలో నొక్కింది. రెండు వీధుల అవతల వీరాస్వామి ఇంట్లో, పెట్టెలోంచి లేచిన రబ్బరు చెయ్యి ఆయన పొట్టను అలాగే నొక్కింది. పొట్ట గట్టిదనం, ఒంటి వేడి సెన్సర్ల మీదుగా వచ్చి ఆవిడ వేళ్లకు తగిలాయి. యంత్రం సంగతి ఇంతే. చెయ్యి వెళ్తుంది, మనిషి వెళ్లక్కర్లేదు.

"అదే చెయ్యమ్మా," అన్నాడు వీరాస్వామి స్పీకర్లో. "మీ హస్తవాసి ఎక్కడికి పోతుంది?"

జ్వరాలు మొదలవగానే, "రోగం మోసుకొచ్చే మనిషి మా మెట్లెక్కడానికి వీల్లేదు" అని ఆవిడ మంచం, బిందెలు వీధిలో పెట్టించిన ఇంటి ఓనరు ఇతనే. అప్పట్నుంచి ఆవిడ పడక క్లినిక్‌లోనే. ఆ మాట మరవలేదు, మరిచే మనిషీ కాదు.

"జ్వరాలు తగ్గాక ఇంటింటా పెట్టిన ఈ పెట్టెలన్నీ తీసుకుపో," అంది నిఖిలతో. "మనిషిని మనిషే చూడాలి."

"అలాగేనండీ. ఈలోగా మీరు చూసే తీరు అది నేర్చుకుంటుంది. మీకు శ్రమ తగ్గుతుంది."

నేర్చుకుంది. తప్పు నొక్కినప్పుడల్లా ఆవిడ తిట్టి మళ్లీ నొక్కించేది. ఇక లాభం లేదనుకున్న రోగికి ఆవిడ ఆ మాట చెప్పేది కాదు, భుజం మీద మెల్లగా తట్టేదంతే. ఆ రోజుల్లో చాలా భుజాలే తట్టింది. చెయ్యి అదీ నేర్చుకుంది.

జ్వరాలు తగ్గాయి, పెట్టెలు మాత్రం కదల్లేదు; ఇప్పుడు ఆవిడ గ్లోవ్ తొడక్కుండానే రోగుల్ని చూస్తున్నాయి. క్లినిక్‌లో కడిగి పెట్టిన బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. వీరాస్వామికి ఆయాసమని విని, కోపం దిగమింగి ఆవిడ వెళ్తే, అతను కిటికీలోంచే అన్నాడు: "పెట్టె చూసిందమ్మా. మీ చెయ్యేగా, మళ్లీ మీరెందుకు?"

ఆ ఎండాకాలం ఆవిడే మంచం పట్టింది. కాంపౌండరు యేసుపాదం పెట్టె తెచ్చి పక్కన పెట్టాడు.

"అదొద్దు. నీ చేత్తో చూడరా. ఇన్నేళ్లు నా పక్కన నిలబడ్డావుగా."

"నా చేతికేం తెలుస్తుందమ్మా? దీన్ని మించింది ఊళ్లో లేదు."

రబ్బరు చెయ్యి లేచింది. ముందు నుదురు, తర్వాత మెడ, తర్వాత పొట్ట. ఆవిడ వరసే. కుడి పక్కన ఆగి, ఇంకోసారి నొక్కింది. తర్వాత పైకి వచ్చి, భుజం మీద మెల్లగా తట్టింది.

"చూశారా, భయం లేదంటోంది," అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు యేసుపాదం. "ఎంతైనా మీ హస్తవాసి."

సుభాషిణమ్మ కళ్లు మూసుకుని, అది ఎక్కడైనా తప్పు నొక్కిందేమోనని మొదట్నుంచీ వెతికింది. దొరకలేదు.