ఈల ఊదితే కూర్చునే పిల్లలు

ఈల ఊదితే పిల్లలు బెదిరి పక్కకు తప్పుకుంటారని ఆ పార్కు పర్యవేక్షకుడు అనుకున్నాడు. అనుకోవడంలో తప్పు లేదు. ఊదేముందు ఎదుటివారిని ఒక్క మాట అడగకపోవడంలో ఉంది.

అతడు కొత్తగా గడ్డి విత్తనం చల్లి, పైన పలచగా మట్టి కప్పి, నీళ్ళు పెట్టించిన మడి అది. దాని మీదికి ఒక పొడవాటి తాడు నడిచి వచ్చింది. తాడుకు రంగురంగుల గుడ్డ పిడులు; ఒక్కొక్క పిడినీ పట్టుకుని ఒక్కొక్క పసివాడో, పసిపిల్లో. వెనక బండిలో ఇంకా నడక రానివాళ్ళు, ఆ బండి తోస్తూ ఆయమ్మ. అందరికంటే నెమ్మదైనవాళ్ళను ముందు నిలబెడితే ఎవరూ వెనకబడరన్నది, వాళ్ళను నడిపిస్తున్న శిశుసదనం పంతులమ్మ పెట్టిన నియమం. ఆ నియమం ప్రకారం మొదటి పిడి పట్టుకున్నది, ఈమధ్యే ఆసరాతో అడుగులు వేయడం నేర్చిన బుడంకాయ. ఆ చిన్నదానికి మడి మధ్యలో ఒక చీమ కనబడింది. తాడంతా ఆగిపోయింది.

అతడు మెడలోని ఈల అందుకుని గట్టిగా ఊదాడు. పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు. మళ్ళీ ఊదాడు. కూర్చున్నవాళ్ళు ఇంకాస్త కుదురుగా సర్దుకున్నారు. బండిలోని వాళ్ళు చప్పట్లు కొట్టారు.

దారిలో సైకిలో కుక్కో ఎదురుపడితే, ఈల వినగానే కూర్చోవాలని పంతులమ్మే వాళ్ళకు ఓపికగా నేర్పింది. నేర్పిన పాఠాన్ని పిల్లలు ఇంత చక్కగా అప్పజెప్పేసరికి ఆమె ముఖం గర్వంతో వెలిగింది. అది చూసి అతనికి ఒళ్ళు మండింది.

"ముందు లేపండి వాళ్ళని. అది విత్తిన మడి. ఆయాలకి ఈ మాత్రం తెలీదా?"

ఆమె తొందరపడలేదు. పిల్లలను లేపి, బాట మీదికి నడిపించి, అప్పుడు అతని వైపు తిరిగింది.

"మడి తొక్కడం మా పొరపాటే. హద్దు కనబడలేదు, క్షమించండి. ఇక రెండో సంగతి. నేను పంతులమ్మని. ఆయమ్మ ఆవిడ. ఆయా అన్నది తిట్టు కాదు, మీరు తిట్టులా అన్నారు. ఆవిడకి మీరు క్షమాపణ చెప్పాలి."

అతడు చెప్పలేదు. శిశుసదనం యజమానురాలికి ఫోన్ చేసి ఫిర్యాదు మాత్రం చేశాడు.

దానితో పిల్లల బయటి షికారు రద్దయింది. యజమానురాలికి అదొక సాకు దొరికినట్టయింది. బట్టలకు మట్టి అంటుతోందని అప్పటికే కొందరు తల్లిదండ్రులు సణుగుతున్నారు. పిల్లవాడి మోకాలికి అంటిన మట్టిని నేరానికి సాక్ష్యంలా పరీక్షించే పెద్దలు ఇప్పుడు ఎక్కువయ్యారు. అదే పిల్లవాడు టీవీ ముందు కదలకుండా, మెదలకుండా కూర్చుంటే బుద్ధిమంతుడని మురిసిపోతారు. కదలడమే పనిగా పుట్టిన ప్రాణిని కదలనివ్వకపోవడానికి సంరక్షణ అని పేరు పెట్టుకున్నాం మనం.

పిల్లలను గదిలో పెట్టి కాపలా కాయడానికి తాను చదువుకోలేదని, షికారు తిరిగి మొదలు కాకపోతే ఉద్యోగం మానేస్తానని పంతులమ్మ యజమానురాలితో చెప్పింది. ఇంట్లో తండ్రి ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒకందుకు మంచిదేనమ్మా. పిల్లల్ని ఆడించడం కూడా ఒక ఉద్యోగమేనా? ఎవరైనా అడిగితే మా అమ్మాయి ఆఫీసులో పనిచేస్తోందని చెప్పుకోవాల్సి వస్తోంది."

ఆమె పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అక్కడ పార్కులో పర్యవేక్షకుడు మడి చుట్టూ తీగ కట్టించాడు. ఇక ఎవరూ తొక్కరు. ఎవరూ రారు కూడా. పిల్లల వరుస వచ్చే వేళకు అతని చూపు దానంతటదే గేటు వైపు పోయేది. ఆ వరుస కోసమేనని అతడు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వరుసలో మిగతావాళ్ళ ముఖాలు ఒక్కటీ గుర్తు లేకుండా, పంతులమ్మ కనుబొమల విరుపు మాత్రం ఎందుకు గుర్తుందో ఆలోచించలేదు.

కొన్ని రోజులకు గడ్డి మొలిచింది. అయితే మడంతా ఒక్కసారిగా మొలవలేదు. ముందుగా, ఒక వరుసలో, చిన్న చిన్న గుండ్రాలుగా మొలిచింది. చుట్టూ ఇంకా నల్లటి మన్నే. అతడు మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు చూశాడు. తర్వాత ఒంటరిగా నవ్వుకున్నాడు.

ఆ ఉదయమే శిశుసదనానికి వెళ్ళాడు. శుభ్రమైన గది. టీవీలో ఏనుగు నడుస్తోంది. పిల్లల్లో సగం మంది కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి, బయట గాలికి ఊగుతున్న కొమ్మను చూస్తున్నారు. అతడు వంగి పలకరించబోయేలోగా బుడంకాయ అతని మెడలోని ఈల గుంజి నోట్లో పెట్టుకుని ఊదింది. గదిలోని పిల్లలందరూ కూర్చున్నారు. క్షణం తటపటాయించి అతడూ కూర్చున్నాడు.

పంతులమ్మ నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు.

నేల మీద కూర్చునే అతడు ఆయమ్మ వైపు తిరిగాడు. "ఆరోజు నోరు జారానమ్మా. క్షమించండి."

"నేనప్పుడే మర్చిపోయాను బాబూ. ఈ అమ్మాయే రోజుకోసారి గుర్తు చేస్తోంది," అంది ఆయమ్మ.

పంతులమ్మ గోడ మీది బొమ్మలను అత్యంత శ్రద్ధగా పరిశీలించింది.

అతడు ఫోన్‌లో తీసిన ఫోటో చూపించాడు. విత్తనం చల్లాక మట్టిని రోలరుతో అదమాలని, ఆ పని తాను మరిచానని, పిల్లలు కూర్చున్న చోట విత్తనం మన్నులో అణగి ముందుగా మొలిచిందని చెప్పాడు. ఆమె వేలితో ఒక్కొక్క గుండ్రాన్నీ తాకుతూ, ఎవరిది ఏదో చెప్పింది. చివరగా, వరుస మొదట్లోని చిన్న చుక్క దగ్గర ఆగింది.

"ఇది మా బుడంకాయది," అంది, పతకం చూపిస్తున్నంత గర్వంగా.

అతడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. యజమానురాలు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు ఒకసారి కళ్ళారా చూసి సరేనంటేనే అంది. పిల్లలకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని అడిగింది.

"నాది," అంది పంతులమ్మ.

"నాది కూడా," అన్నాడు అతడు.

యజమానురాలు కళ్ళజోడు పైనుంచి ఇద్దరినీ చూసింది.

గడ్డి అడుగులకు ఓర్చుకునేంత ఎదిగాక అతడు తీగ తీయించాడు. ఒక ఉదయం తల్లిదండ్రులు పార్కుకు వచ్చారు. మానబోతున్న ఉద్యోగం ఎలాంటిదో చూద్దామని పంతులమ్మ తండ్రీ వచ్చాడు. పిల్లలు మడి దగ్గరికి చేరేసరికి సన్నగా తుంపర మొదలైంది. పెద్దలు గొడుగుల కోసం కంగారుపడుతుండగా పంతులమ్మ ఈల ఊదింది. పిల్లలు పచ్చిక మీద కూర్చుని, ముఖాలు పైకెత్తి, నాలుకలు చాచి వాన చినుకులు పట్టుకున్నారు.

అప్పుడు బుడంకాయ లేచింది. పిడి వదిలేసింది. రెండు చేతులూ గాలిలో చాచి ఒక అడుగు, ఊగి మరొకటి, ఎవరూ పట్టుకోకుండా గడ్డి మీద నడిచింది. వాళ్ళమ్మ పరుగెత్తబోయి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. తర్వాత మట్టి మాట ఎవరూ ఎత్తలేదు. రేపటినుంచి మామూలేనని యజమానురాలు ప్రకటించింది.

బాట మీద వెళ్తున్న ఒక పెద్దాయన, ఈ పిల్లలంతా ఎవరని అడిగాడు.

"మా అమ్మాయి పిల్లలండీ," అన్నాడు పంతులమ్మ తండ్రి.

"ఇంతమందా?"

"బండిలో ఇంకా ఉన్నారు, చూడలేదా?" అని ఛాతీ విరిచాడు. "నా కూతురు పంతులమ్మ. నడక నేర్పుతుంది."

కొంచెం దూరంలో ఉన్న పంతులమ్మకు ఆ మాట వినబడింది. ఆమె తల తిప్పుకుని తాడు పిడులు సరిచేయడంలో మునిగిపోయింది. పర్యవేక్షకుడు పక్కకు వచ్చి నిలబడ్డాడు. వాన గురించి మాట్లాడాడు. గడ్డి గురించి మాట్లాడాడు. రోలరు గురించి కూడా మాట్లాడాడు. ఆమె విన్నది.

"రేపటినుంచి నేనూ మీతో నడవొచ్చా?" అన్నాడు చివరికి. "పార్కులో అని కాదు. అంటే, పార్కులో కూడా. ఎప్పటికీ అని."

ఆమె బుడంకాయ ఖాళీ చేసిన మొదటి పిడి తీసి అతని ముందుకు చాచింది.

"మా తాడుకి ఒక నియమం ఉంది. అందరికంటే నెమ్మదైనవాళ్ళు ముందు నడవాలి."

అతడు తటపటాయిస్తూ ఆమె తండ్రి వైపు చూశాడు. ఆయన మబ్బు వైపు చూస్తున్నాడు.

"పట్టుకో బాబూ," అన్నాడు చూపు దించకుండానే. "వాన పెద్దదవుతోంది."