ఐసు షెడ్డులో బోర్లించిన పడవ

జాలరిపేట దాటి హార్బరు వైపు పోతుంటే, రోడ్డుకి దిగువన ఇసుకని ఆనుకుని ఒక పాత ఐసు షెడ్డు ఉంది. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. మిషన్లు ఎవరో పట్టుకుపోయారు, కిటికీ చువ్వలు ఇంకెవరో పట్టుకుపోయారు. రేకుల కప్పూ, మందపాటి గోడలూ, సిమెంటు గచ్చూ మిగిలాయి. వాటితో పాటు ఒక చెడ్డ పేరు కూడా మిగిలింది.

అది నడిచే రోజుల్లో, ఐసు గదిలోకి దిమ్మలు సర్దడానికి వెళ్ళిన మనిషిని చూసుకోకుండా బయట గడియ పెట్టేశారట. అతను లోపల్నుంచి తలుపు కొడుతూనే ఉన్నాడట. మిషను చప్పుడేమో అనుకున్నారట అందరూ. తెల్లారి తలుపు తీస్తే... ఇంకేముంది.

అతని పేరేమిటో, ఏ ఊరివాడో ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ దీపాలు పెట్టే వేళ దాటితే ఆ షెడ్డులో టక్... టక్... టక్... మని వినిపిస్తుందని మాత్రం పేటలో ప్రతి ఇంట్లోనూ చెబుతారు.

అందుకే చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. బాగా తాగినవాడు కూడా చుట్టు తిరిగి ఇంటికెళతాడు.

తాతబాబు మాత్రం ఆ షెడ్డునే ఏరికోరి పట్టుకున్నాడు.

తాతబాబు పెద్ద మరబోటు మీద వేటకి పోయే మనిషి. వేసవిలో వేట బందు పెట్టినప్పుడు మిగతావాళ్ళు వలలు అల్లుకుంటారు, పేకాడుకుంటారు, చుట్టాలిళ్ళకి పోతారు. ఇతను తన పడవ దగ్గర కూర్చుంటాడు. తన పడవంటే ఇంజను లేనిది, గాలికి తెరచాపతో నడిచే చిన్న ఫైబరు పడవ. ఎవరో షోకైన పెద్దమనిషి సరదాకి తెప్పించుకుని, మోజు తీరాక ఇసుకలో వదిలేస్తే, అడిగి తెచ్చుకున్నాడు. ఒక బందులో దానికి చాప కట్టే కొయ్య నిలబెట్టాడు. ఇంకో బందులో చాప కొత్తది కుట్టించాడు. ఆ తర్వాత చుక్కాని మార్చాడు. ఈసారి అడుగు పని పెట్టుకున్నాడు. అడుగున సన్నటి పగులుంది మరి, నీళ్ళలో దించీ దించగానే పాదాలు తడిసిపోతున్నాయి.

ఫైబరు పనికి నీడ కావాలి. ఎండలో రెజిన్ అనే జిగురు కలిపామా, గుడ్డ అతికించేలోగా డబ్బాలోనే రాయైపోతుంది. నీడ ఉండి, తలుపు లేకపోయినా దొంగ అడుగు పెట్టని చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

"దెయ్యం కాపలా కాస్తంది బావా. టీ కూడా అడగదు," అనేవాడు బావమరిది గవర్రాజుతో.

గవర్రాజు నవ్వేవాడు కాదు. పగలంతా ఒళ్ళు దాచుకోకుండా సాయం చేసేవాడు గానీ, ఎండ కాస్త పసుపురంగుకి తిరిగిందంటే చాలు, కడుపులో నొప్పనో, కొళాయి వచ్చే టైమనో చెప్పి జారుకునేవాడు.

ఆ రోజు కొయ్య ఊడదీసి, పడవని రెండు ఇనప డ్రమ్ముల మీద బోర్లించి, బయటివైపు పగులు అతికేశారు. లోపలివైపు మిగిలింది. అది ఆరాక పడవని తిప్పి, తీరిగ్గా పైనుంచి చేసుకోవాల్సిన పని. గవర్రాజు అదే చెప్పాడు. తాతబాబు వింటేగా! బందు అయిపోవస్తోంది, మళ్ళీ బోటెక్కితే ఇంక తీరికెక్కడిదన్నాడు. కింద దూరి వెల్లకిలా పడుకుని అతికించేస్తానన్నాడు.

"సీకటి పడతంది బావా," అన్నాడు గవర్రాజు గొంతు తగ్గించి.

"నువ్వు పో. నాను ఎనకాలే వచ్చెత్తాను."

గవర్రాజు వెళ్ళిపోయాడు. తాతబాబు ఫోను గోడకున్న మేకుకి సంచిలో తగిలించి, చెప్పులు విప్పి, రెజిన్ డబ్బా, గుడ్డముక్కలూ, గీకుడు చాకూ పట్టుకుని పడవ కిందకి దూరాడు. దూరుతూ దూరుతూ మోచేత్తో డ్రమ్ముని కాస్త పక్కకి నెట్టాడు. డ్రమ్ము కింద ఊతగా పెట్టిన రాయి జారింది...

దబ్!

అంతా చీకటి.

కోడిని గంప కింద మూసినట్టు పడవ అతని మీద మూతపడింది. మొదట నవ్వొచ్చింది తాతబాబుకి. లేవబోయాడు. పడవలో కూర్చునే అడ్డపలక సరిగ్గా రొమ్ముకి ఆనింది. మోకాళ్ళు ముడుచుకోవడానికి చోటు లేదు. బోర్లా తిరగడానికి లేదు. అరచేతులతో పైకి తోశాడు. అంచు వేలెడు లేచి, మళ్ళీ గచ్చు మీద కూలబడింది. దొర్లిన డ్రమ్ము పక్కనుంచి వచ్చి పడవకి గట్టిగా తన్నిపట్టుకుంది. ఈసారి వేలెడు కూడా లేవలేదు.

అప్పుడు వీపుకి చల్లగా తగిలింది.

థిన్నర్. డ్రమ్ము పక్కన, రెజిన్ కడగడానికి పెట్టుకున్న థిన్నర్ డబ్బా పడిపోయి, గచ్చు మీద పారి, అతని చొక్కాలోకి ఎక్కుతోంది. పైన పచ్చి రెజిన్, కింద థిన్నర్. ముక్కు మండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు ధార కట్టాయి. ఇలాగే ఉంటే తెల్లారేసరికి ఊపిరి మిగలదని అతనికి తెలుసు.

పడవ వెనక చెక్కకి నీళ్ళు పోయే బెజ్జం ఒకటుంటుంది. వీపు మీదే జరుగుతూ జరుగుతూ తల అటు చేర్చి, చాకుతో బిరడా పొడిచి తీశాడు. బొటనవేలంత గాలి వచ్చింది. దానికి నోరు పెట్టి పీల్చుకున్నాడు. పీల్చుకుని అరిచాడు. అరిస్తే గొంతు గొంతులా లేదు... కుండలో మూలిగినట్టుంది. మందు వాసనకి అది కూడా బొంగురుపోయింది.

ఇంక ఏం చేస్తాడు? చాకు పిడితో పడవని కొట్టాడు.

టక్... టక్... టక్...

కొడుతూ కొడుతూ ఆగిపోయాడు. ఆ చప్పుడుకి అతనికే ఒళ్ళు జలదరించింది. ఈ షెడ్డులోంచి, ఈ వేళప్పుడు, ఈ చప్పుడు వింటే ఏ కన్నతల్లి బిడ్డ దగ్గరికి వస్తాడు?

కాసేపటికి సంచిలో ఫోను మోగింది. ఇంటి దగ్గర మహేశ్వరి అయి ఉంటుంది. మొగుడు ఇంకా రాలేదని చేస్తోంది. ఆ పాట ఖాళీ షెడ్డంతా తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగిపోయింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెళ్ళాం పిలుస్తోంది, పలకడానికి లేదు.

ఆ తర్వాత ఇసుకలో అడుగుల చప్పుడైంది. బెజ్జంలోంచి సన్నటి వెలుతురు కదిలింది. గవర్రాజే! మహేశ్వరి పంపితే, తోడుకి వీధిలో కోటిని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రాణం లేచొచ్చింది తాతబాబుకి. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

టక్, టక్, టక్!

అడుగులు ఆగిపోయాయి.

"ఇన్నావా..." అన్నాడు కోటి.

"ఇన్నాను... జోళ్ళు ఉన్నాయి, మనిషి లేడు... ఎనక్కి సూడకు, నడు..." అన్నాడు గవర్రాజు.

తాతబాబు అరిచాడు. ఆ మూలుగు విన్నాక వాళ్ళు నడవలేదు, పరిగెత్తారు.

మనిషి లోపల బిగుసుకుపోయాడు. ఇప్పుడు కాళ్ళలో స్పర్శ కూడా తగ్గుతోంది. పైనున్న రెజిన్ వేడెక్కి, పడవ లోపలంతా పొయ్యి మీద మూకుడులా ఉంది. కళ్ళు మూసినా అదే చీకటి, తెరిచినా అదే చీకటి. ఆ ఐసు గదిలో మనిషికి కూడా ఇలాగే ఉండి ఉంటుందా అనిపించింది. అలా అనిపించినందుకు తిట్టుకున్నాడు.

కొంతసేపటికి చాలా అడుగులు వినిపించాయి. పేట కదిలి వచ్చినట్టుంది. కానీ ఎవరూ గుమ్మం దాటలేదు. గవర్రాజు ఏడుస్తున్నాడు. మా బావని ఆ పడవ మింగేసింది, నేను చెబుతూనే ఉన్నానని వెక్కుతున్నాడు. మహేశ్వరి గొంతు కూడా వినపడింది. వదలండి, నేను చూస్తానంటోంది. నలుగురు ఆడవాళ్ళు ఆమెని పట్టుకుని ఆపుతున్నారు. అప్పుడు గంగాలమ్మ గొంతు లేచింది. తాతబాబుకి పిల్లనిచ్చిన అత్త, సముద్రం మీద ఏ గాలి సోకినా పేటంతా ఆమె దగ్గరికే వస్తారు.

"కర్పూరం ఎలిగించి పడవ మీద ఎయ్యండి. నిప్పు సూత్తే ఒగ్గేసి పోతాది."

తాతబాబు అరచేతులతో పడవని మళ్ళీ తోశాడు.

నిప్పా! పైన పచ్చి రెజిన్. వీపు కింద థిన్నర్. భగ్గుమనడానికి ఒక్క బిళ్ళ చాలు. కేకేస్తే మూలుగు. కొడితే దెయ్యం. తను బతికున్నానని చెప్పడానికి చేసే ప్రతి పనీ తనని దెయ్యాన్నే చేస్తోంది. ఆకులో కర్పూరం పెట్టిన వాసన కూడా వచ్చింది బెజ్జంలోంచి. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. గుమ్మం దగ్గర అడుగు పడింది...

ఏ మనిషికైనా అలాంటప్పుడు దేవుడు గుర్తొస్తాడు. తాతబాబుకి వల గుర్తొచ్చింది. చిన్నప్పట్నుంచీ ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు ఒకడు పాట అందుకుంటే మిగతా అందరూ ఒక్కసారి లాగుతూ బదులు పలుకుతారు. అది విన్న జాలరోడు నిద్రలో ఉన్నా పలుకుతాడు. పలక్కుండా ఉండటం చేతకాదు.

బెజ్జానికి నోరు ఆన్చి, మాటలు వదిలేసి, రాగం అందుకున్నాడు. చాకు పిడితో దరువేశాడు.

"లాగరా... బావో..."

గుమ్మం దగ్గర అడుగు ఆగింది.

"లాగరా... బావో..."

"ఐలెస్సా..."

వచ్చింది బదులు! మెల్లగా, బొంగురుగా, చాలా దగ్గర్నుంచి. ఎవడో ధైర్యవంతుడు పడవ దాకా వచ్చాడనుకున్నాడు. తాతబాబుకి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే ఇంకోసారి అందుకున్నాడు. మళ్ళీ "ఐలెస్సా" అని పలికింది. మూడోసారికి గుమ్మం దగ్గర జనమంతా కలిసి పలికారు. గవర్రాజు కర్పూరం ఆకుని బయట ఇసుకలో పారేసి, "మనుషులే... మనుషులేరా... పట్టండి," అంటూ పరిగెత్తుకొచ్చాడు.

డ్రమ్ము దొర్లిపోయింది. అంచు లేచింది. గాలి ఒక్కసారిగా మీద పడింది. ఎవరో చంకల్లో చేతులేసి బయటికి లాగారు. మహేశ్వరి అతని మొహాన్ని కొంగుతో తుడుస్తోంది, తుడుస్తూనే తిడుతోంది. తాతబాబు గోడకి ఆనుకుని, చేపలా నోరు తెరిచి గాలి మింగాడు. కళ్ళు కాస్త తెరిపినపడ్డాక చూస్తే మగాళ్ళందరూ ఇంకా పడవని భుజాల మీద మోస్తూ అలాగే నిలబడి ఉన్నారు.

"దించీండ్రా, బరువు," అన్నాడు.

ఎవరూ దించలేదు.

"ఆడ్ని కూడా రానీ బావా," అన్నాడు గవర్రాజు, పడవ కిందకి తల వంచి.

"ఎవడ్ని?"

"నువ్వు పాటందుకుంటే లోపల్నించి బదులు పలికినోడ్ని. రెండు గొంతులిన్నాకే కదా దగ్గరికొచ్చాం. ఒంటిగా ఉంటే దెయ్యవఁనుకుందుము."

తాతబాబు అందరి మొహాలూ చూశాడు. మొదట పలికింది మీలో ఎవరని అడిగాడు. కోటి తల అడ్డంగా ఊపాడు. గవర్రాజు ఊపాడు. గంగాలమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. చేతుల్లో ఫోన్లున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, కానీ పడవ కిందకి ఒక్కడూ లైటు తిప్పలేదు. దించితే లోపలున్నవాడి మీద పడుతుంది... దించకపోతే...

"ఐలెస్సా..."

మెల్లగా, బొంగురుగా పలికింది.

మోస్తున్నవాళ్ళు మోస్తున్నట్టే ఉన్నారు. గోడ దగ్గర్నుంచి చూస్తున్న తాతబాబుకి మాత్రం, వాళ్ళ భుజాలకీ పడవ అంచుకీ మధ్య జానెడు ఖాళీ కనిపించింది.