ఉయ్యాల సీటుకి ఓ కిలో ఎక్కువ

ఆ ఇంట్లో ఆదివారం పొద్దున్నే కాఫీ కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. మనవరాలిని తూచడం. తాతగారు కాటాలు బాగుచేస్తారు. వీధి గదే ఆయన దుకాణం. కూరగాయల కొట్టు కాటా దగ్గర్నుంచి బంగారం తూచే బుల్లి త్రాసు దాకా, మొరాయించిందంటే ఆయన బల్ల ఎక్కాల్సిందే. "మేస్త్రి చెయ్యి పడ్డాక ఆవగింజంత తేడా ఉండదు" అని నలుగురూ అంటుంటే, మేస్త్రి విననట్టు మొహం పెట్టి చెవులు రిక్కించి మరీ వింటాడు.

ఆ ఆదివారం కూడా కాటా పళ్ళెంలో మడత తువ్వాలు వేసి, దాని మీద పది నెలల పిల్లను కూర్చోబెట్టాడు. గుండ్రటి బుగ్గలు చూసి అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు బుడంకాయ. తూకం భర్తకి వినిపించడానికి కూతురు ఫోన్ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఎంత నాన్నా? త్వరగా చెప్పు."

"ఉండవే తల్లీ, ఇది కుదురుగా ఉంటేగా! ఆఁ... పదకొండున్నర."

కూతురి మొహం వాడిపోయింది. "పోయిన వారమూ అదే అన్నావు. కాస్తయినా తగ్గుతుందేమో అనుకున్నా."

ఆమె భర్త సముద్రాల అవతల ఓ రేవులో క్రేన్ నడుపుతున్నాడు. బిడ్డ కడుపులో ఉండగా వెళ్ళినవాడు, ఇంతవరకూ ఫోన్‌లో తప్ప కూతుర్ని చూసుకోలేదు. ఇన్నాళ్ళకి తల్లీబిడ్డలు రావడానికి అనుమతి దొరికింది. ఇక ఏ విమానం ఎక్కాలన్నదే ప్రశ్న. రెండు వారాలుగా ఆమె పరీక్షకి చదివినట్టు చదువుతోంది.

"ఎక్కడా దిగకుండా వెళ్ళే విమానం ఒక్కటే నాన్నా. ముందు వరుసలో కూర్చోబెట్టి, ఎదురు గోడకి ఉయ్యాల తగిలిస్తారు. కానీ పదకొండు కిలోలు దాటితే ఇవ్వరట. రెండోదాంట్లో ఉయ్యాలే లేదు, దారి పొడుగునా ఒళ్ళోనే. మూడోది పెద్ద ఉయ్యాల ఇస్తుంది గానీ, మధ్యలో దింపేసి ఒక పూటంతా పడేస్తుంది. పిల్ల బండి కూడా అక్కడ చేతికివ్వరట. సంచులూ, పాలసీసాలూ, ఇదీ... నేనొక్కదాన్నే ఎలా ఈడ్చుకెళ్ళను? బాత్రూమ్‌కి వెళ్ళాలంటే దీన్ని ఎవరికివ్వను?"

"అంత అవస్థ ఎందుకే? అల్లుడికి సెలవు దొరికినప్పుడు తనే వచ్చి తీసుకెళ్తాడు. ఆగితే పోలా?"

"సెలవు వచ్చే ఏడాదికి గానీ రాదు."

లోపల కుట్టుమిషన్ తొక్కుతున్న అమ్మమ్మ ఆగకుండానే అందుకుంది. "నెల కిందట పది కూడా లేని పిల్ల గాలి తిని పెరుగుతోందా ఏమిటి? నా చేతికైతే బరువేమీ తెలియడం లేదమ్మా."

"నీ చెయ్యి కాటానా?" అని మేస్త్రి కసిరాడు.

అందరూ లోపలికి వెళ్ళాక తువ్వాలు ఎత్తి, దాని మడతలోంచి కిలో రాయి తీసి సొరుగులో పెట్టేశాడు. ఏం చెప్పమంటారు! ముప్పై ఏళ్ళు వీసమెత్తు మోసం ఎరగని మనిషి, మనవరాలి దగ్గర తప్పు తూచాడు. ఈమధ్యే ఆ పిల్ల ఆయన్ని చూడగానే రెండు చేతులూ చాచి రావడం మొదలెట్టింది. ఇంకొన్నాళ్ళుంటే ఈ మొహం దాని మనసులో నిలిచిపోతుందని ఆయన ఆశ. ఆ మాట పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు.

బుధవారం కూతురు పిల్లకి టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్ళి, ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చింది.

"నాన్నా, రాళ్ళ పెట్టె తీసుకుని పద. ఆ నర్సమ్మతో పెద్ద గొడవైపోయింది. బుడంకాయ పదిన్నరే అంటుంది! మీ కాటా పాడైంది, మా నాన్న తూకానికి తిరుగులేదు అని గట్టిగా చెప్పేశాను, అంత మంది ముందూ. పాపం ఆవిడ భయపడిపోయింది. చంటిపిల్లలకి మందులన్నీ ఆ బరువు చూసే ఇస్తారట. మీ నాన్నగారొచ్చి చూసేదాకా దాన్ని వాడం అని పక్కన పెట్టేసింది."

మేస్త్రి రాళ్ళ పెట్టె అందుకున్నాడు. ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు. రెండోది వేసుకోలేకపోయాడు. ఆ కాటాని కిందటి నెల సరిచేసింది తనే. దాంట్లో లోపం ఉందని చెప్తే ఏ పసివాడికి ఎంత మందు పడుతుందో! లేదని చెప్తే కూతురి ముందు తల ఎత్తుకోలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఆ కాటా బాగానే ఉందమ్మా."

"చూడకుండానే ఎలా చెప్తావు?"

"తప్పు నాది. తువ్వాలు మడతలో కిలో రాయి పెట్టాను."

లోపల కుట్టుమిషన్ ఆగిపోయింది. కూతురు ముందు నవ్వబోయింది. ఆయన మొహం చూసి నవ్వు మింగేసింది.

"నువ్వా? నువ్వు నాన్నా? నీ మాట నమ్మి నేను పరాయిదాన్ని పట్టుకుని చెడామడా తిట్టొచ్చానే! వెళ్ళొద్దమ్మా అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే నువ్వు ఆగిపోతావేమోనని భయమేసింది."

"మరి రాయి పెడితే ఆగిపోనా?"

ఆయన రాళ్ళ పెట్టె కింద పెట్టేశాడు.

"ఇది చెయ్యి చాస్తే నీ ప్రాణం లేచొస్తుంది, నాకు తెలీదనుకున్నావా?" అంది కూతురు. "వాళ్ళ నాన్నకి అదీ లేదు కదా. ఆయన ఒక్కసారి కూడా దీన్ని ఎత్తుకోలేదు. ఇంకో నెల ఆగితే నిజంగానే ఉయ్యాల పట్టకుండా పోతుంది. అప్పుడు నీ అబద్ధమే నిజమవుతుంది."

పిల్లను చంకనేసుకుని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అలా కొయ్యలా నిలబడ్డారేం? ముందు వెళ్ళి ఆ నర్సమ్మకి చెప్పండి. తర్వాత అల్లుడికి. దీనికి ఇంకెవర్నీ పంపడం కుదరదు."

మేస్త్రి వెళ్ళాడు. టీకాలకి వచ్చిన తల్లులంతా చూస్తుండగా, "కాటా బంగారం లాంటిదమ్మా, నాదే తప్పు, మా అమ్మాయిని క్షమించు" అని నర్సమ్మకి చెప్పి తలొంచుకుని వచ్చాడు. సాయంత్రం వీధి గది తలుపు దగ్గరేసి అల్లుడికి ఫోన్ చేశాడు.

"బాబూ, నీ కూతురి బరువు నీకు తప్పు చెప్పాను. పదకొండున్నర కాదు, పదిన్నర. పొరపాటున కాదు, కావాలనే చెప్పాను. పంపబుద్ధి కాక."

ఎన్ని మాటలన్నా పడాలనే ఆయన సిద్ధపడి కూర్చున్నాడు.

"పదిన్నరా మామయ్యగారూ?" అల్లుడి గొంతు మెత్తగా వచ్చింది. "అయితే ఓ కిలో తీసెయ్యాలన్నమాట."

"ఏం తియ్యడం బాబూ?"

"చెప్తే నవ్వుతారు. పిల్లల్ని ఎత్తుకోవడం నాకు అలవాటు లేదు కదా. ఎక్కడ జారవిడుస్తానోనని, మీరు చెప్పినంత బరువూ పిండి సంచిలో పోసుకుని, పని నుంచి రాగానే ఎత్తుకుని గదంతా తిరుగుతున్నాను. పోనీలెండి, తేలికే అయింది. మీరు చెప్పారు కాబట్టి ఇక సరిగ్గా ఉంటుంది."

మేస్త్రి ఉంటానని కూడా అనకుండా ఫోన్ బల్ల మీద పెట్టేసి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ శబ్దానికి కూతురు పరుగెత్తుకొచ్చింది. పొద్దుటి కోపం మొహంలో ఇంకా ఉన్నా, చెయ్యి మాత్రం ఆయన భుజం మీద వేసింది.

"ఏమన్నారు నాన్నా? కోప్పడ్డారా?"

ఆయన కాదన్నట్టు తల ఊపాడు.

"ఆ ముందు వరుస సీటు ఎవరూ పట్టుకుపోకముందే తీసుకోవే తల్లీ. ఇప్పుడే తీసుకో. వాడక్కడ పిండి సంచిని ఎత్తుకుని తిరుగుతున్నాడే!"