అక్క కోసం కట్టిన దడి

పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల్లో ఆ చిన్న ఊళ్లో తెల్లారిందంటే ముందు వినిపించేది ఫిపే కొయ్యసుత్తి చప్పుడే. మల్బరీ బెరడును నానబెట్టి, దుంగ మీద పరిచి దంచి, బట్టగా చేయడంలో ఆమెను మించినవాళ్లు ఆ దీవిలోనే లేరని పేరు. ఊళ్లో ఆడవాళ్లంతా ఆమె పాకలోనే పనిచేస్తారు. ఇప్పుడు దంచుతున్నది తమ్ముడు సేమిసి కూతురి పెళ్లికి. అక్కడి ఆచారం ప్రకారం ఆ పెళ్లిలో అందరికంటే పైన, పెద్దపీట మీద కూర్చోవాల్సింది మేనత్త ఫిపేనే.

పాకలో ఆమెకొక గొప్ప ఉండేది. పొద్దున కూర్చుందంటే మధ్యాహ్నం భోజనానికి గానీ లేవదు. మధ్యలో ఎవరైనా లేస్తే, అప్పుడే ఒళ్లు బరువెక్కిందా అమ్మా అని ఎత్తిపొడుస్తుంది. నీళ్లకుండను పాక దరిదాపులకు రానివ్వదు. తాగితే లేవాలి కదా మరి.

అసలు సంగతి వేరే ఉంది. ఆమె ఇంటి మరుగుదొడ్డి తుఫానుకి ఎగిరిపోయింది. మిగిలింది ఎదుటింట్లో ఉండే సేమిసి పెరట్లోది. దారేమో అతని అరుగు ముందునుంచి. ఆ అరుగు మీద మగవాళ్లు కావా అనే మత్తువేరు రసం తాగుతూ కబుర్లలో ఉంటారు. అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోకూడని ఊరది. ఒకరి ముందు ఒకరు ఒంటి సంగతి ఎత్తరు. సేమిసి అయితే అక్క వింటుండగా జీవితంలో ఒక మొరటు మాట అనలేదు. కొత్త దొడ్డి కట్టించమని అతన్ని అడగాలంటే ఆ పేరు నోటితో అనాలి. అందుకని ఫిపే నీళ్లు మానేసింది, ఉగ్గబట్టుకుంది, అదే మర్యాద అనుకుంది. ఏం మర్యాదో ఏమో, ఒళ్లు గుల్లయ్యింది.

మొదట యోని దగ్గర పొడిబారినట్టయి దురద. శుభ్రం చాలలేదేమోనని బట్టల సబ్బుతో రుద్ది కడిగింది. ఇంకా మండింది. తర్వాత మూత్రానికి వెళితే నిప్పులు పోసినట్టు మంట, నాలుగు చుక్కలు పడేవి, వచ్చి కూర్చోగానే మళ్లీ వెళ్లాలనిపించేది. ఇప్పుడు నడుములో పోటు, ఒళ్లంతా వేడి. అయినా సుత్తి వదల్లేదు.

ఆ పొద్దున కూతురు లోసా సెలవు మీద ఇంటికొచ్చింది. దీవిలో పెద్దాసుపత్రి నర్సు. తల్లి ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం చూసింది, నుదురు తాకింది, చెయ్యిపట్టి ఇంట్లోకి తీసుకెళ్లింది. ఫిపే కాసేపు బుకాయించి, చివరికి చెప్పేసింది. ఆసుపత్రికి మాత్రం రానంది.

"మీ నాన్న పోయి ఎన్నేళ్లయింది? విధవరాలికి అక్కడ మంటంటే జనం ఏమనుకుంటారే? పెళ్లిలో పైన కూర్చోవాల్సినదాన్ని!"

"మగాళ్ల నుంచి అంటుకునే జబ్బులూ ఉన్నాయమ్మా, లేవనను. అలా వచ్చినా మందుంది, సిగ్గెందుకు? కానీ అదొక్కటే కారణం కాదు. నెలసరి ఆగిపోయాక లోపల పొడిబారుతుంది, మండుతుంది. సబ్బు పెడితే ఇంకా మండుతుంది. బూజులాంటిది పట్టినా దురదే. ఇక నువ్వు నీళ్లు మానేసి రోజంతా బిగబట్టుకుంటే మూత్రసంచిలో క్రిములు చేరవూ? ఏదో పరీక్ష చేస్తేగానీ తెలీదు. జ్వరం, నడుంపోటు అంటున్నావు, కిడ్నీల దాకా పోయిందేమోనని నా భయం."

"మెల్లగా మాట్లాడు. పెళ్లయ్యాక చూద్దాం."

లోసాకి ఇక ఓపిక నశించింది. "మూత్రం పోస్తే మంటని చెప్పుకోడానికి సిగ్గుపడి చచ్చిపోతావా అమ్మా?" అని గట్టిగా అరిచింది.

వాకిట్లో చేమదుంపల బుట్టతో సేమిసి నిలబడి ఉన్నాడు.

బుట్ట గడప దగ్గర పెట్టాడు. తల వంచుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఫిపే కూలబడి ఏడ్చింది. ఒక్క మాటతో నా పరువంతా వాడి కాళ్ల దగ్గర పోశావు కదే, ఇక వాడి మొహం ఎలా చూడను అంది. లోసాకీ ఏడుపొచ్చింది. మావయ్య ఉన్నాడని చూసుకోలేదు.

కాసేపటికి సేమిసి బండి వాకిట్లో ఆగింది. నడుపుతున్నది అతని భార్య. చేపల కోసం పట్నం వెళుతున్నా, ఆసుపత్రి మీదుగానే, వస్తారా వదినా అని అడిగింది. ఎవరు పంపారో ఆమె చెప్పలేదు, ఫిపే అడగలేదు. కళ్లు తుడుచుకుని ఎక్కింది.

లోసా భయమే నిజమైంది. మూత్రంలో క్రిములు కిడ్నీల దాకా పాకాయి. ఇంకొన్నాళ్లు ఉగ్గబట్టుకుని ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మందలించింది. మంచాన పడుకోబెట్టి మందులెక్కించారు, పొడిబారినదానికి పూతమందు వేరే ఇచ్చారు.

కొన్ని రోజులకు తిరిగొచ్చేసరికి పాక వెనక మల్బరీ మొక్కల పక్కన కొత్త మరుగుదొడ్డి లేచి ఉంది. పాక తలుపు నుంచి దాని దాకా అటూ ఇటూ కొబ్బరాకులల్లిన ఎత్తయిన దడి. లోపల నడిచే మనిషి బయటికి కనపడదు. ఎదుటి అరుగు మీద కావా చాపలు కూడా అవతలివైపుకు తిప్పి పరిచారు, మగవాళ్ల మొహాలన్నీ సముద్రం వైపే.

సేమిసి కంచె అవతల నిలబడి, ఆమెను చూడకుండా అన్నాడు. "పందులు నీ మొక్కలు పెకలిస్తున్నాయక్కా. అందుకని దడి కట్టా."

"మంచి పని చేశావు తమ్ముడూ. అవి మరీ మితిమీరాయి," అంది ఫిపే. ఇన్నేళ్లూ తన మర్యాద తనే ఉగ్గబట్టి కాపాడుకుంటున్నాననుకుంది. దాన్ని కాపాడేవాడు ఎదుటింట్లోనే ఉన్నాడు. ఇలాంటి తమ్ముడు ఎంతమందికుంటాడని గర్వంతో ఆమె గుండె నిండిపోయింది.

మర్నాడు పాక మధ్యలో నీళ్లకుండ పెట్టించింది. దంచుతున్న ఆడవాళ్లను ఆపి, తనకేమయిందో, ఎందుకయిందో దాచకుండా చెప్పింది. లేచినవాళ్లను ఎత్తిపొడిచిన నోటితోనే, ఇకమీదట దాహమేస్తే తాగండి, వస్తే లేవండి అంది.

అకనేసి అనే పడుచు సుత్తి ఒళ్లో పెట్టుకుని వెక్కిళ్లు పెట్టింది. ఆమె మొగుడు ఆస్ట్రేలియాలో పళ్లు కోసే పనికి వెళ్లి ఈ మధ్యే వచ్చాడు. తనకూ మంటగా ఉందని, ఏమంటారోనని నోరు మూసుకున్నానని చెప్పింది.

"ఎవరేమంటారే? నన్నంటారా ముందు?" అంది ఫిపే. "లోసా ఇంట్లోనే ఉంది, వెళ్లు. మీ ఆయన్నీ పరీక్షకి రమ్మను."

తర్వాత కుండలోంచి చిప్పనిండా నీళ్లు ముంచుకుని అందరూ చూస్తుండగా తాగింది. మళ్లీ సుత్తి పట్టింది. ఎండ ఇంకా నెత్తికెక్కకముందే దాన్ని దుంగ పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి, అందరికంటే ముందు తనే లేచింది. దడి మధ్యలోంచి తలెత్తుకుని నడిచింది.