ఇరవయ్యో పేరు

ఊరి మధ్యలో సినిమా తీయాలంటే కెమెరా కన్నా ముందు కాగితాలు తిరగాలి. ఆ తిరుగుడంతా ఆమెదే. యూనిట్‌లో చిన్నా పెద్దా అందరూ ఆమెను ‘పర్మిషనక్క’ అనే పిలుస్తారు. అసలు పేరేమిటంటే డైరెక్టర్ కూడా నీళ్ళు నములుతాడు.

ఈసారి కావలసింది పెద్దరోడ్డు కింద జనం దాటే సబ్‌వే. ట్రాఫిక్ పోలీసులు, ఫైరాఫీసు, కరెంటాఫీసు, మునిసిపాలిటీ... మూడు వారాలు చెప్పులరిగేలా తిరిగితే, ఒక్క ఆదివారం ఒంటిగంట నుంచి అయిదింటిదాకా ఇచ్చారు. అదీ ఎందుకంటే, సోమవారం నుంచి మరమ్మతుల పేరుతో దాన్ని మూడు నెలలు మూసేస్తున్నారు. అవతలి దారికి అప్పటికే గోడ కట్టేశారు.

“దిగేవాళ్ళ పేర్లు రాయండి,” అన్నాడు మునిసిపాలిటీ గుమాస్తా.

పంతొమ్మిది పేర్లు రాసింది. ఆ తర్వాత అలవాటు చొప్పున నోటికొచ్చిన ఆడపేరు ఒకటి ఇరవయ్యోదిగా చేర్చింది. ఆఖరి నిమిషంలో ప్రొడ్యూసరుగారి బావమరిదో, హీరోయిన్ పిన్నిగారో ఊడిపడతారు. వాళ్ళకో చోటు ఉండాలి కదా. ఎవరూ రాకపోతే ఆ చోట్లో తనే దిగుతుంది. దరఖాస్తు పెట్టేది తనే కాబట్టి తన పేరు విడిగా ఎప్పుడూ రాసుకోదు.

గుమాస్తా ఆ చివరి పేరు మీద వేలు పెట్టాడు. “ఈవిడ వస్తుందా?”

“వస్తుంది సార్, రాకేం!”

“రాసినవాళ్ళు రావాలమ్మా. ఎంతమంది దిగితే అంతమందే పైకి రావాలి,” అంటూ ముద్ర గుద్దాడు.

ఇలాంటి అబద్ధాలు పదేళ్ళుగా ఆడీ ఆడీ, అవి అబద్ధాలని కూడా ఆమెకు తోచడం లేదు.

ఆదివారం ఇంట్లోంచి కదలడమే కష్టమైంది. ఏడేళ్ళ కూతురికి మూడు రోజులుగా జ్వరం. తండ్రి లేని పిల్ల, అమ్మ కొంగు వదలదు. పక్కింటావిడను కూర్చోబెట్టి, “ఆరింటికల్లా నీ పక్కలో ఉంటాను, ఒట్టు,” అని పాపకు చెప్పి వచ్చింది. యూనిట్ వ్యాన్ నడిపేది ఆమె తమ్ముడే. “అయిదు దాటితే నిన్నొదిలేసి పోతానక్కా, మేనకోడలు నన్ను చంపేస్తుంది,” అని దారంతా ఏడిపించాడు.

సబ్‌వే దగ్గర కాపలా ముసలాయన ఒక్కొక్కరినీ లెక్కపెట్టి దింపాడు. అందరికన్నా వెనక, ఆ ఇరవయ్యో చోట్లో ఆమె దిగింది.

“ఇరవై,” అని, జనం రాకుండా షట్టర్ కిందికి లాగి తాళం వేశాడు.

లోపల పగలన్నది లేదు. నాచు పట్టిన పలకలు, తడిసిన సున్నం వాసన, పైన బస్సు వెళ్ళినప్పుడల్లా పళ్ళు జివ్వుమనేలా ఒక అదురు. అయినా పని చకచకా సాగింది. నాలుగున్నరకు సౌండతను చెయ్యెత్తాడు. షూటింగ్ అయ్యాక ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషంపాటు విడిగా రికార్డు చేసుకోవడం అతని పని. ఆ నిమిషం ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు.

అందరూ బొమ్మల్లా నిలబడ్డారు.

గోడ కట్టేసిన వైపు నుంచి... అడుగులు. చెప్పుల్లేని అడుగులు. తడి నేల మీద మెల్లగా, తొందర లేకుండా. ఒక్కొక్క మనిషి దగ్గరా కాసేపు ఆగుతున్నాయి. మళ్ళీ కదులుతున్నాయి. ఆమె కళ్ళు మాత్రం తిప్పి చూసింది. అక్కడ ఎవరూ నడవడం లేదు.

అడుగులు ఆమె వెనక ఆగాయి.

“నా చోట్లో నిలబడ్డావేం అక్కా?”

చెవిలో గుసగుస. చల్లటి ఊపిరి.

“ఓకే!” అన్నాడు సౌండతను. ఆమె ముఖం చూసి దగ్గరకొచ్చి, “నువ్వూ విన్నావా?” అన్నాడు మెల్లగా.

ఆమె పరుగున వెళ్ళి షట్టర్ బాదింది. “తాతా, తలుపు తియ్యి!”

“అయిదింటికే తల్లీ. నువ్వు తెచ్చిన కాగితంలో అదే ఉంది.”

తన కాగితమే తనకు తాళమైంది. ఆ అరగంటా ఆమె లైట్ల కింద నుంచి కదల్లేదు. తను కాక మిగతా మనుషుల్ని లెక్కపెట్టింది. పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. పంతొమ్మిదే. అందరూ తెలిసిన ముఖాలే. అయినా భయం తగ్గలేదు, పెరిగింది.

అయిదయింది. షట్టర్ లేచింది. అందరితోపాటు తోసుకుని పైకి పోదామనే ఉంది. కానీ ఏదీ వదిలెయ్యలేదని ఆఖర్న చూసి రావలసింది ఆమే; ఒక్క టేపుముక్క మిగిలినా మళ్ళీ పర్మిషన్ పుట్టదు. మెట్ల దగ్గర్నుంచే టార్చి వేసింది.

నేల మీద తడి పాదాల గుర్తులు. గోడ వైపు నుంచి వచ్చి... ఆమెను దాటి... మెట్లెక్కి పోయాయి.

“...పద్దెనిమిది, పంతొమ్మిది,” ముసలాయన గొంతు. కాస్త ఆగి, “ఇరవై. అంతేనమ్మా?”

“అంతే తాతా. కింద ఎవరూ లేరు, చూసే వచ్చాను.”

ఆ గొంతు ఆమెదే.

ఆమె రెండేసి మెట్లు ఎగబాకింది. షట్టర్ ధడాలున దిగింది. తాళం పడింది. అరిచింది, గోళ్ళు విరిగేలా గీరింది. రేకుల సందులోంచి ఎండ కనిపిస్తోంది, వ్యాన్ కనిపిస్తోంది, తమ్ముడు కనిపిస్తున్నాడు. వాడు ఇటు చూడనైనా చూడలేదు. ముందు సీటు తలుపు తీసి పట్టుకుని, ఎవరికో చెయ్యందించాడు.

“ఇదేంటక్కా, చెయ్యి ఇంత చల్లగా ఉంది?”

“కిందంతా తడేరా. పద, తొందరగా పోనీ. పాప పక్కలో పడుకోవాలి.”

“ఒరేయ్! అది నేను కాదురా! దాన్ని ఇంటికి తీసుకెళ్ళకురా!” అని గుండెలు పగిలేలా అరిచింది.

వ్యాన్ కదిలింది. మలుపు తిరిగింది. ముసలాయన గొడుగు తీసుకుని తన దారిన పోయాడు. ఆమె ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. కూర్చుందామని చీకట్లో మెట్టు కోసం చేత్తో తడుముకుంది.

అక్కడ కూర్చున్నవాళ్ళెవరో కాస్త పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చారు.