ఎదురు మర

సోమవారం పొద్దున, పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్న వేళకి రామకోటేశ్వరరావుగారి ఇంటి ముందు ట్రాన్స్‌పోర్టు ఆటో ఆగింది. గోనెపట్టాలు చుట్టిన పొడుగాటి వస్తువొకదాన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చి వసారాలో దించారు. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "నిచ్చెన తెప్పించారాండీ?" అని అడిగింది కూడా.

జగ్గయ్యపేటలో నలభై రెండేళ్ళ నుంచి సైకిళ్ళ కొట్టు నడుపుతున్న మనిషి రావుగారు. గోనె విప్పకుండానే చేత్తో తడిమి, "నిచ్చెన కాదమ్మా, సైకిల్ ఫ్రేము" అనేశారు. విప్పాక మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా మళ్ళీ ఓసారి తడిమి చూశారు. ఒకే ఫ్రేముకి రెండు సీట్ల గొట్టాలు, రెండు జతల పెడళ్ళకి చోటు. ఇద్దరు కలిసి తొక్కే బండి! చక్రాల్లేవు, చైన్లేదు, హ్యాండిల్లేదు. పైగా వెనక భాగం ఆరడుగుల మనిషికి సరిపోయేలా ఎత్తుగా ఉంటే, ముందు భాగం పొట్టిగా ఉండి, బారు లేడీస్ సైకిల్‌కి మల్లే కిందికి వంగి ఉంది.

విజయవాడ నుంచి కూతురు దేవిశ్రీ ఫోన్ చేసింది. "వచ్చిందా నాన్నా? హైదరాబాదులో ఎవరో మొగుడూ పెళ్ళాలు కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్నారట. కవలలు పుట్టారు, ఇక తొక్కే తీరికెక్కడిది, అమ్మేశారు. మిగతా సామాన్లన్నీ నువ్వే ఏరి బిగించుకోవాలి. ఇకనుంచి శనివారం వేదాద్రి నరసింహస్వామి గుడికి నువ్వొక్కడివే సైకిలేసుకుని పోకుండా అమ్మా నువ్వూ కలిసి వెళ్ళండి. వాళ్ళు చెప్పిన జాగ్రత్తలన్నీ చీటీ మీద రాసి ఫ్రేముకి కట్టా. చదువుకో."

రావుగారు చీటీని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. తర్వాత దూరంగా పెట్టుకున్నారు. "చూశాలే" అని చొక్కా జేబులో పడేశారు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ అది చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చూపు గురించి ఆ ఇంట్లో మాట్లాడటం మానేసి మూడు నెలలైంది. విజయవాడ కళ్ళ డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళొచ్చి, "అద్దాలు మార్చమన్నాడు, అంతే" అన్నారాయన. పోయిన నెల సైకిల్ మీద హైవే దాటుతూ ఆగి ఉన్న ఆటోని గుద్దుకున్నారు. మోచెయ్యి కొట్టుకుపోయింది. "వెధవ, లైట్లెయ్యలేదు" అని ఆటోవాడి మీద కోప్పడ్డారు. మిట్టమధ్యాహ్నం ఆటోకి లైట్లేమిటో ఆ నరసింహస్వామికే తెలియాలి.

అయినా వేదాద్రి మానరు. ముప్పై ఏళ్ళ అలవాటు. వద్దంటే కోపం, స్కూటర్ మీద ఎవరైనా దింపుతామంటే అవమానం. ఆయన తిరిగొచ్చే దాకా ప్రతి శనివారం ఆవిడ వసారాలో కూర్చుని వీధి మలుపుకేసి చూస్తుండేది. ఏదో ఒక శనివారం ఆ మలుపులోంచి ఆయన బదులు ఎవరో వార్త మోసుకొస్తారని ఆవిడ భయం.

బండి పనిలో పడ్డాక రావుగారికి పదేళ్ళు తగ్గినట్టయింది. కొట్లో ఇరవై ఏళ్ళుగా మెకానిక్కుగా ఉన్న స్తెఫనుని ఇంటికే పిలిపించారు. "మామూలు చక్రం ఇద్దరి బరువుకి ఆగదు స్తెఫనూ. సాధారణంగా ముందు చక్రానికి ముప్పై రెండు చువ్వలు, వెనకదానికి నలభై. మనం రెంటికీ నలభై వేద్దాం. హబ్బులు రిక్షావి దొరికితే ఇంకా మంచిది" అన్నారు. స్తెఫను నందిగామ వెళ్ళి, బ్రహ్మయ్యగారి పాత సామాన్ల కొట్లో సగం రోజు దుమ్ములో వెతికి చక్రాల మధ్యలో వేసే రిక్షా హబ్బులు రెండు సాధించుకొచ్చాడు. రెండు చైన్లు కలిపి ఒకటి చేశారు. వెనక పెడళ్ళకి పళ్ళ చక్రాలు రెండు జత చేశారు. ముందు పెడల్ తిరిగితే వెనక పెడల్ కూడా తిరగాల్సిందే, ఇద్దరిలో ఎవరూ కాళ్ళు ఆపుకుని కూర్చోవడానికి లేదు.

అన్నీ కుదిరాయి గానీ, వెనక పెడళ్ళ ఇరుసు దగ్గర కుడివైపు కప్పు మాత్రం మొండికేసింది. లోపల గోళీలు తుప్పు పట్టాయి, మార్చాలంటే కప్పు ఊడాలి. మన సైకిళ్ళన్నిటికీ కుడివైపు కప్పుకి ఎదురు మర ఉంటుంది. అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే అది ఊడుతుంది. రావుగారు చిన్నపిల్లాడప్పుడు నేర్చుకున్న విషయమది. అలాగే తిప్పారు. కదల్లేదు. కిరసనాయిలు పోశారు. స్పానరుకి ఇనప గొట్టం తొడిగి ఊగారు. స్పానరు జారి వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి.

"రావుగారూ, ఒకసారి ఇటు తిప్పి చూద్దామా?" అన్నాడు స్తెఫను భయం భయంగా.

"నాకు మరలు నేర్పుతావట్రా? పద్నాలుగో ఏట నుంచి తిప్పుతున్నా!"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో స్తెఫను ఏం వాదిస్తాడు? గొట్టం ఇంకో మూర పొడుగుది తెచ్చాడు. ఆ కప్పు గనక పగిలితే, ఆ సైజుది జగ్గయ్యపేటలో కాదు గదా, బెజవాడలో కూడా దొరకదని ఇద్దరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం బట్టలు నానబెట్టబోతూ జ్ఞానప్రసూనాంబ ఆయన చొక్కా జేబులు తడిమింది. చీటీ చేతికొచ్చింది. దేవిశ్రీ గుండ్రటి అక్షరాలతో, నీలం పెన్నుతో, మొదటి వరుసలోనే రాసి ఉంది: "నాన్నా, ఇది ఇటలీ పద్ధతి మరట. కుడి కప్పు కూడా మామూలుగానే తిప్పాలి. ఎదురు తిప్పితే ఇంకా బిగుస్తుంది."

ఆవిడ అక్కడే బాత్రూం గట్టు మీద కూర్చుండిపోయింది. అవి చీమంత అక్షరాలు కావు. ఎవరైనా చదవగలిగేవే. తగ్గిందనుకుంది గానీ, చూపు ఇంత దూరం పోయిందని ఆవిడ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని, చీటీని బొడ్లో దోపుకుని వసారాలోకి వచ్చింది. స్తెఫను ముందు ఆ చీటీ బయటికి తీయడానికి మనసొప్పలేదు.

"ఏవండీ, నాకు తెలీక అడుగుతున్నా. పచ్చడి జాడీ మూత బిగుసుకుంటే నేను అటో దెబ్బ ఇటో దెబ్బ తిప్పుతా. మీరూ ఇటు ఒకసారి తిప్పకూడదూ?"

"నీ పచ్చడి జాడీ, నా ఇరుసూ ఒకటేనా?" అని నవ్వి, ఆవిడ మాట తప్పని నిరూపించడానికే ఆయన అటు తిప్పారు. టక్కుమని కప్పు కదిలింది. రెండో తిప్పుకి చేతిలోకొచ్చింది. స్తెఫను తల వంచుకుని నవ్వాపుకున్నాడు. రావుగారు కప్పు మరని వేళ్ళతో తడిమి తడిమి చూశారు.

శుక్రవారం పొద్దుటికి బండి నిలబడింది. రావుగారు స్నానం చేసి, విభూది పెట్టుకుని వచ్చి, పెళ్ళికొడుకులా ముందు సీటెక్కారు. మోకాళ్ళు రెండూ పోయి హ్యాండిల్‌కి తగిలాయి. సీటు పైకి లేపారు, మళ్ళీ తగిలాయి. హ్యాండిల్ తిరగేశారు, నడుం వంగిపోయింది. ఆయనది ఆరడుగుల విగ్రహం మరి. కిందికి దిగి అంగుళాలు లెక్కేసుకుని, "స్తెఫనూ, చక్రాలు విప్పు. దీన్ని నందిగామ పట్టుకెళ్ళి ఈ బారు దగ్గర కోయించు. జానెడు ముక్క అతికితే నాకు సరిపోతుంది" అన్నారు.

"కొయ్యొద్దు" అంది జ్ఞానప్రసూనాంబ.

ఆ గొంతు విని స్తెఫను స్పానరు కింద పెట్టి, టీ తాగొస్తానంటూ వీధిలోకి నడిచాడు. తెలివైనవాడు.

"కొయ్యకపోతే నేనెలా కూర్చోను ప్రసూనా?"

"వెనక కూర్చోండి. అది మీకు కుట్టించినట్టు సరిపోతుంది."

"వెనక కూర్చుని? బండి ఎవరు తోలుతారు, ఆ నరసింహస్వామా?"

"నేను తోలుతా."

రావుగారు పగలబడి నవ్వారు. "నీకు సైకిలొచ్చా?"

"నందిగామలో మా నాన్న కొట్లో సరుకులు నాలుగు వీధులకీ సైకిల్ మీద నేనే ఇచ్చొచ్చేదాన్ని. ముందు అన్నయ్య సైకిల్ మీద, బారు కింద కాలు దూర్చి దొంగ తొక్కుడు. తర్వాత సీటు మీద."

నవ్వు ఆగిపోయింది. "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే?"

"పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నారు గానీ, సైకిలొచ్చా అని ఎవరడిగారు?" ఆవిడ గొంతు పెంచలేదు. "కాపరానికొచ్చిన మూడో రోజున మీకు క్యారేజీ తెచ్చా. కొట్లో ఆకుపచ్చ లేడీస్ సైకిల్ కొత్తది నిలబెట్టి ఉంది. హ్యాండిల్ మీద చెయ్యేశా. 'ముట్టుకోకు, చీరకి గ్రీజు అంటుద్ది' అన్నారు మీరు."

"నేనన్నానా?"

"మీరు మంచికే అన్నారు. పట్టుచీర కదా. కానీ తర్వాత ఒక్కనాడైనా, తొక్కుతావా అని అడగలేదు. ఊళ్ళో సగం మందికి సైకిల్ మీ కొట్లోనే వచ్చింది. గంటకింతని అద్దెకిచ్చి, పడ్డవాళ్ళ మోకాళ్ళకి మందు కూడా రాశారు. నేను ఇన్నేళ్ళూ క్యారేజీ పట్టుకుని నడిచొచ్చా."

ఏమనాలో తోచనప్పుడు మగవాళ్ళకి కోపం వస్తుంది, రావుగారికీ వచ్చింది. "ఇప్పుడా పాత కథలెందుకు? రోడ్డు మీద బండి తోలడమంటే వీధిలో సరుకులిచ్చి రావడం కాదు. నాకు కళ్ళున్నాయి, నేను తోలతా!"

ఆవిడ బొడ్లోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "అయితే ఇది చదవండి."

ఆయన చదవలేదు. కంటికి దగ్గరగా కూడా పెట్టుకోలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టారు. వీధిలో అరటిపళ్ళ బండివాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు.

"మొదటి వరుసలో ఏముంది?" అని చివరికి ఆయనే అడిగారు.

"కుడి కప్పు మామూలుగానే తిప్పాలని ఉంది."

"అందుకా పచ్చడి జాడీ కథ చెప్పావు?" ఆయన వసారా గట్టు మీద కూర్చున్నారు. "కంటి నరం దెబ్బతింది ప్రసూనా. పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. మందు మానకుండా వేసుకుంటే ఉన్నదైనా నిలబడుతుందన్నాడు. నీకు చెబితే... వేదాద్రి కూడా వెళ్ళనివ్వవని..."

"నాకు తెలుసు. కంట్లో మందు సీసా బియ్యం డబ్బా వెనక దాచారుగా. వంటింట్లో దాస్తే నాకు కనపడదనుకున్నారా? ఈ బండి కూడా నేనే అడిగా. ముందు పొట్టిదీ వెనక పొడుగాయనా కూర్చునేది దొరుకుతుందేమో చూడవే అని దేవికి చెప్పా. దానికి ఆర్నెల్లు పడుతుందనుకున్నా, ఇరవై రోజుల్లో దొరికింది. మిమ్మల్ని మాన్పించడానికైతే సైకిల్ తాళం దాచేదాన్ని కదండీ. నాకు ప్రతి శనివారం ఆ మలుపుకేసి చూస్తూ కూర్చునే ఓపిక లేదు. నన్నూ తీసుకెళ్ళండి."

రావుగారు ఏడ్చారు. అరవై ఆరేళ్ళ మనిషి, గ్రీజు చేతుల్తో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. చూపు పోతున్నందుకు ఏడ్చారో, ఆ ఆకుపచ్చ సైకిల్ కోసం ఏడ్చారో ఆయనకే తెలియదు. ఆవిడ పమిటతో ఆయన మొహం తుడిచింది. నుదుటి మీద గ్రీజూ విభూదీ కలిసిపోయాయి.

టీ తాగి వచ్చిన స్తెఫను చక్రాలు విప్పబోతే ఆయన ఆపారు. "నందిగామ వద్దు. ముందు సీటు కిందికి దించు."

"ఎంత దించమంటారండీ?"

"నన్నెందుకు అడుగుతావు? తోలే మనిషిని అడుగు" అన్నారు రావుగారు. "ఈ బండికి మర ఒక్కటే కాదురా, సీట్లు కూడా ఎదురే."

వారం రోజులు మార్కెట్ యార్డులో నేర్చుకున్నారు. రెండుసార్లు పడ్డారు, ఒకసారి మిర్చి బస్తాల మీద పడ్డారు కాబట్టి దెబ్బ తగల్లేదు, తుమ్ములొచ్చాయంతే. వెనక కూర్చున్న ఆయన "నెమ్మదిగా! నెమ్మదిగా!" అని అరిస్తే, "కాళ్ళు ఆడించండి, కబుర్లు తర్వాత" అని ఆవిడ కసిరేది. మొగుణ్ణి కసరడం ఇంత హాయిగా ఉంటుందని ఆవిడకి అంతకుముందు తెలియదు. ఆవిడ చీర చైనులో పడకుండా ఆయన రాత్రీ పగలూ ఆలోచించి చైనుకి రేకు కవరు బిగించారు.

మరుసటి శనివారం తెల్లవారుతూనే బయల్దేరారు. హైవే దగ్గర ఆవిడ బండి ఆపి, దిగి, అటూ ఇటూ రెండేసి సార్లు చూసి నడిపించి దాటించింది. తర్వాత మళ్ళీ ఎక్కారు. "గుంట!" అంటే ఆయన సీటు మీద తేలికయ్యేవారు. "గేదెలు!" అంటే నవ్వేవారు. పత్తి చేలల్లోంచి గాలి వస్తోంది. చాలా రోజుల తర్వాత ఆయన దారి గురించి భయపడకుండా తొక్కారు. ముందున్న మనిషి జడలో మల్లెపూల వాసన పట్టుకుని పోతుంటే దారి తప్పే పనే లేదనిపించింది.

వేదాద్రిలో కృష్ణా నది కనిపించేసరికి ఎండ వచ్చింది. కొట్ల దగ్గర బండి నిలబెట్టి, ఆవిడ కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. రావుగారు కాస్త మొహమాటంగా దగ్గరికొచ్చారు. చీర రంగు తెలుస్తోంది గానీ, అంచు ఆయన కంటికి ఆనడం లేదు.

"ప్రసూనా, చీరకి గ్రీజేమన్నా అంటిందా?"

ఆవిడ వంగి చూసుకుంది. రేకు కవరు బిగించినా, కుడి పక్క అంచు మీద జానెడు మేర నల్లగా చార పడింది. కొత్త చీర. ఉతికినా పోదు.

"అంటిందండీ" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళు నిండిపోయాయి. "ముప్పై తొమ్మిదేళ్ళకి అంటింది."