మూడు దినాలు నొస్తాది

కాంటాక్ట్ లెన్స్ మానేసి ఎన్నాళ్ళయిందని ఆ యువకుడు తమిళంలో అడిగాడు. రెండు వారాలయిందని చారులత తడుముకోకుండా చెప్పింది. నిజానికి మూడు రోజులే.

కోయంబత్తూరులో ఓ కంటి ఆసుపత్రి రెండో అంతస్తు. మసక చీకటి గది. యంత్రానికి అవతల కళ్ళజోడు పెట్టుకుని అతను. తెల్లకోటు మీద ‘నవనీతకృష్ణన్, ఆప్టోమెట్రిస్ట్’ అని బిళ్ళ. ఆమెని గడ్డం యంత్రానికి ఆనించమని చెప్పి, రెండు కళ్ళూ స్కాన్ చేసి, తెర మీద వచ్చిన రంగురంగుల పటాన్ని చూసి నొసలు చిట్లించాడు.

చారులత పక్కనే ఉన్న తల్లి సుందరవల్లి వైపు వంగి ఇంట్లో మాట్లాడే తెలుగులో గొణిగింది.

“మొగం చూడమ్మా, నిన్ననే ప్లస్ టూ ముగించినట్టుండాడు. ఇతనికేమి తెలుస్తాది?”

“ప్లస్ టూ ముగించి పదేండ్లయింది మేడమ్,” అన్నాడు అతను తెర మీంచి చూపు తిప్పకుండా, చక్కని తెలుగులో. “తెలిసింది కొంచమే. ఆ కొంచంలో ఒకటి చెప్పనా? మీరు లెన్స్ తీసి రెండు వారాలు కాలే.”

చారులత చెవులు వేడెక్కాయి. సుందరవల్లి మాత్రం పొంగిపోయింది.

“అయ్యో తంబీ, నువ్వు మనోళ్ళా? ఏ ఊరు?”

“మదురై పక్కన వాడిపట్టి అమ్మా.”

“మూడు దినాలు,” అంది చారులత తల దించకుండా. “అయితే ఏమి? అంతలో కన్నేమి మారిపోతాది?”

“లెన్స్ కార్నియాని, అంటే కంటి ముందు పొరని, నొక్కి పెట్టి ఉంటాది. అది మళ్ళా తన వంపుకి రావాలంటే టైము కావాల. ఇప్పుడు తప్పు కొలతతో లేజర్ కొడితే పవర్ తప్పుగా నిలిచిపోతాది. అప్పుడు బోర్డులు చదివి చెప్పేదానికి మీతో జీవితమంతా ఒక ప్లస్ టూ పిల్లోడు తిరగాల.”

నవ్వు ఆపుకోవడానికి చారులత పెదవి కొరుక్కుంది.

“వచ్చే వారం అబ్బాయోళ్ళు చూసేదానికి వస్తారు తంబీ,” అంది సుందరవల్లి. “వాళ్ళకిచ్చిన ఫోటోలో పిల్లకి అద్దాలు లేవు.”

“వాళ్ళతో మీరు మాట్లాడుకోండమ్మా. కార్నియాతో నేను మాట్లాడతా,” అని శుక్రవారం నాటి ఆపరేషన్ తేదీ కొట్టేశాడు.

తమ ఊరు పొల్లాచ్చికి తిరిగి వెళ్ళేదాకా కారులో సుందరవల్లి అతన్ని తిడుతూనే ఉంది. చారులతకి కోపమే వచ్చింది, కానీ అది అతని మీద ఎక్కువసేపు నిలవలేదు. అబద్ధం చెప్పింది తనే.

ఆమె తండ్రి వేలుసామిది ఎండు కొబ్బరి వ్యాపారం. నాలుగేళ్ళుగా సరుకు చూసి కొనేది చారులతే. గుట్టగా పోసిన కొబ్బరిలో బూజు చుక్క ఎక్కడుందో ఇట్టే పట్టేస్తుందని సంతలో పేరు. బైక్ మీద తోటలు తిరిగేటప్పుడు వానకి అద్దాలు మసకబారతాయి, కొబ్బరి ఆరబోసే కళంలో చెమటకి ముక్కు మీంచి జారతాయి. లెన్స్ పెట్టుకుంటే దుమ్ముకి కళ్ళు మండుతాయి. లేజర్ ఆమె తన కోసం చేయించుకోవాలనుకున్నది. పెళ్ళిచూపుల తొందర అమ్మది.

ఆ పెళ్ళిచూపులు జరిగాయి. సింగానల్లూరులో మోటారు పంపుల వర్క్‌షాప్ ఉన్నవాళ్ళు వచ్చారు. చారులత కళ్ళజోడుతోనే కూర్చుంది.

“ఫోటోలో అద్దాలు లేవే?” అంది అబ్బాయి తల్లి.

“అప్పుడు లెన్స్ పెట్టుకొనుంటి అత్తా. లేజర్ చేసుకునేదానికి తీసేసినా.”

“సరి, అది ముగించుకో. అప్పరం మాట్లాడుకుందాం.”

“వద్దత్తా. కన్ను బాగయినాక మాట్లాడేవాళ్ళు నాకు వద్దు.”

వేలుసామి కాఫీ గ్లాసు వెనక నవ్వు దాచుకున్నాడు. సుందరవల్లి రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, ఆసుపత్రికి వెళ్ళే తారీఖు తనే గుర్తు చేసింది.

ఈసారి నిజంగా రెండు వారాలు గడిచాయి. నవనీతకృష్ణన్ మళ్ళీ స్కాన్ చేశాడు, కంటి కొసన చిన్న కాగితం పట్టీ పెట్టి తడి కొలిచాడు, చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి లోపలంతా చూశాడు.

“మీ కార్నియా కొంచం పల్చన. పైన మూత మాదిరి కోసి తెరిచే లాసిక్ మీకు వద్దు. పైపొర మాత్రం తీసి లేజర్ కొట్టే పద్ధతుండాది, పీఆర్‌కే అంటారు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ కూడా అదే చెప్పినారు. కడకి వచ్చే చూపు ఒకటే. మానేదానికి మాత్రం ఎక్కువ దినాలు పడతాది.”

“నొస్తాదా?”

“లేజర్ కొట్టేటప్పుడు నొయ్యదు. అప్పరం మూడు దినాలు నొస్తాది.”

“యూట్యూబ్‌లో అందరూ ఏమీ నొయ్యదంటారే?”

“వాళ్ళ కన్ను వాళ్ళది. మీకు నొస్తాది. వెలుతురు చూడలేరు, నీళ్ళు కారతాయి. చూపు బాగా తేటపడేదానికి కొన్ని వారాలు కావాల. కొన్ని నెలలు కన్ను ఎండిపోయినట్టుంటాది. రాత్రి బండి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, తర్వాత తగ్గిపోతాయి. నలభై దాటినాక చదివేదానికి అద్దాలు ఎట్లాగూ వస్తాయి.”

“ఇట్ల తిట్టి తిట్టి అమ్మితే మీ సరుకు ఎవరు కొంటారు సార్?”

“తెలిసి కొనేవాళ్ళు.”

“మరి మీరేమి, ఇంకా అద్దాలతో తిరుగుతా ఉండారు?”

“నా కార్నియా లేజర్‌కి తగదు. నాకు నేనే స్కాన్ చేసుకుని, నాకు నేనే లేదని చెప్పుకున్నా.”

చారులత గట్టిగా నవ్వేసింది. నవ్వు ఆగాక, అంతదాకా ఎవరినీ అడగనిది అడిగింది.

“నా పనంతా కంటితోనే. ఏమైనా తప్పయితే?”

అతను ఈసారి చమత్కరించలేదు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“ఇన్ఫెక్షన్ రావచ్చు, మచ్చ పడొచ్చు. చానా తక్కువ మందికి. సున్నా అని మాత్రం చెప్పను. కన్ను రుద్దొద్దు, మందు వేళకి వెయ్యండి, ఎర్రబడితే ఏ వేళయినా ఫోన్ చెయ్యండి. ముదరక ముందే పట్టుకుంటాం.”

సున్నా అని చెప్పనన్న ఆ మాటే ఆమెకి ధైర్యమిచ్చింది. కాగితం మీద సంతకం పెట్టింది.

ఆపరేషన్ రోజు కంట్లో చుక్కలు వేశారు, కన్ను మొద్దుబారింది. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెట్టారు. డాక్టరమ్మ పైపొర తీస్తుంటే ఎవరో తడి కుంచెతో రాసినట్టుంది, అంతే. తల దగ్గర నవనీతకృష్ణన్ గొంతు.

“పచ్చ దీపం కనిపిస్తా ఉండాది కదా, దాన్నే చూడు. ఇప్పుడు వెంట్రుక కాలినట్టు వాసన వస్తాది. భయపడొద్దు, నీ జడ భద్రంగా ఉండాది.”

ఆమెకి నవ్వొచ్చింది, కదలకూడదు. టక టకమని యంత్రం చప్పుడు, నిజంగానే మాడు వాసన, అతను నెమ్మదిగా లెక్కపెట్టడం. ఒక్కో కంటికి నిమిషం కూడా పట్టలేదు. ఆ కాసేపూ ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందని అతను గమనించినట్టు లేదు. ఆమె గమనించింది.

కట్టు లాంటి మెత్తని లెన్స్ పెట్టి పంపారు. ఆ తర్వాత అతను చెప్పిందంతా చెప్పినట్టే జరిగింది. కళ్ళలో కారం, ఇసుక కలిపి పోసినట్టు. సుందరవల్లి కిటికీలకి దుప్పట్లు కట్టి, గడియారం చూసుకుంటూ చుక్కలు వేసింది. రెండో రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్.

“ఎట్లుండాది?”

“మీరు చెప్పినట్టే నొస్తా ఉండాది. ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు కదా?”

“చెప్పి ఉంటే ఇప్పుడు నన్ను తిడతారు.”

“ఇప్పుడూ తిట్టేదే.”

“అయితే తిట్టండి. వింటా.”

రెండు నిమిషాల్లో ముగియాల్సిన ఫోన్ ఇరవై నిమిషాలు సాగింది. వాడిపట్టిలో వాళ్ళ వరి పొలం గురించి, ఆవు అడ్డొస్తే దాటి వెళ్ళలేక రోడ్డు మధ్యలో స్కూటర్ ఆపేసే వాళ్ళమ్మ గురించి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక గానీ, అంతసేపూ నొప్పి సంగతి మరిచిపోయానని చారులతకి తెలియలేదు.

ఐదో రోజు లెన్స్ తీసింది అతనే. బయట వాన దంచికొడుతోంది. ఇంకా కొంచెం మసకగానే ఉన్నా, అంత దగ్గరగా ఉన్న ముఖం ఆమెకి బాగానే కనబడింది. ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు, ఊపిరి బిగబట్టిన పెదవులు.

“చూపెట్లుండాది?” అన్నాడు.

“ప్లస్ టూ కాదు. కాలేజీ సెకండియర్.”

అతని చేతిలో పట్టుకారు ట్రేలో పడి గణగణ మోగింది.

నెల తర్వాత చివరి వరస అక్షరాలు కూడా గడగడా చదివేసింది చారులత. కానీ చదివించింది అభిరామి అనే వేరే అమ్మాయి.

“నవనీతన్ సార్ లేరా?”

“ఉండారు. మీ ఫైల్ నాకు మార్చినారు. ఆయనే అడిగి మార్పించుకున్నారు.”

చారులత కుర్చీలోంచి లేచింది. లిఫ్ట్ దాకా నడిచింది. ఇంటికి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఇంటికి వెళ్ళి ఏడ్చే మనిషి కాదు తను. లిఫ్ట్ వదిలేసి, మెట్లు దిగి నేరుగా క్యాంటీన్‌లోకి వెళ్ళింది. మూల బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు.

“నా ఫైల్ ఎందుకు మార్చినారు? నేనేమి తప్పు చేసినా?”

అతను లేచి నిలబడ్డాడు. “తప్పు నాది. ఫోన్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడినా.”

“దానికి?”

“పేషంటుతో అట్ల మాట్లాడకూడదు. పేషంటుని వేరే ఏమీ అడగనూ కూడదు. అందుకే ముందు మీరు నా పేషంటు కాకుండా చేసినా.”

“చేసి ఎన్నాళ్ళయింది?”

“మూడు వారాలు.”

“మూడు వారాలూ ఏమి చేస్తా ఉండారు?”

“ధైర్యం రాలే.”

చారులత ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. “నాకుండాది. నన్ను కట్టుకుంటావా?”

పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. నవనీతకృష్ణన్ కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

“అది నేను అడగాల్సింది...”

“నువ్వు అడిగేలోపల నాకు నలభై దాటి చదివే అద్దాలు వస్తాయి. కట్టుకుంటావా, లేదా?”

“కట్టుకుంటా,” అన్నాడు. ఆ ఒక్కమాట చెప్పడానికి మాత్రం అతనికి ఏ ధైర్యమూ అవసరపడలేదు.

వినగానే సుందరవల్లి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “పిల్లకి అద్దాలు తీయించేదానికి నేను అంత పాటుపడితే, అద్దాల అబ్బాయినా తెచ్చేది?”

“నాకూ అద్దాలే,” అన్నాడు వేలుసామి. “ముప్పై ఏండ్లుగా నాతో కాపురం చెయ్యలే?”

“అందుకే చెప్తా ఉండా!” అంది ఆవిడ. అయినా ఆదివారం రమ్మని వాడిపట్టికి కబురు పంపింది.

నవనీతకృష్ణన్ తల్లితో పొల్లాచ్చి వచ్చాడు. అందరూ కొబ్బరి కళం పక్కన వేసిన కుర్చీల్లో మర్యాదగా కూర్చున్నారు. సుందరవల్లి అతన్ని జీతం, చదువు, జాతకం అన్నీ అడిగింది. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. అంతలో పడమటి నుంచి మబ్బు కమ్మి, చెప్పాపెట్టకుండా చినుకులు మొదలయ్యాయి. కళం నిండా ఆరబోసిన కొబ్బరి.

“టార్పాలిన్ పట్టాలు తెండి!” అని వేలుసామి పరిగెత్తాడు. వెనకే అందరూ. నవనీతకృష్ణన్ ఇస్త్రీ చొక్కాతోనే కళంలోకి దూకాడు. కళ్ళజోడు నిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. దొరికిన కొస పట్టుకుని తప్పు దిక్కుకి లాగడం మొదలుపెట్టాడు.

“ఆ కొన కాదు, ఈ కొన!” అని సుందరవల్లి వానలో గొంతెత్తి అరిచింది. “ఇట్ల పట్టు, అల్లుడా!”

అరిచాక గానీ తనేమన్నదో ఆవిడకి తెలియలేదు. వేలుసామి పట్టా లాగడం ఆపేశాడు. వాడిపట్టి నుంచి వచ్చినావిడ కొంగు నెత్తిన కప్పుకుని గట్టిగా నవ్వింది.

“మీరే పిలిచేసినారు వదినా. ఇంకేమి, తాంబూలం మార్చుకుందామా?”

సుందరవల్లి వంగి పట్టా ఇంకో కొస అందుకుంది. “ముందు కొబ్బరి తడవకుండా చూడండి,” అంది. కానీ ఆవిడా నవ్వుతోంది.

చారులత వచ్చి నవనీతకృష్ణన్ చెయ్యి పట్టుకుని, సరైన కొస అతని గుప్పిట్లో పెట్టింది.

“గట్టిగా పట్టుకో.”

“పట్టుకున్నా,” అన్నాడు అతను. పట్టా కొసతో పాటు ఆమె చెయ్యి కూడా అతని గుప్పిట్లోనే ఉండిపోయింది.